పలాసలో తొలి వెలుగు

ఉత్తరాంధ్రకు వెళ్ళేవాళ్ళు అరసవల్లి దర్శనానికో, సముద్రం కోసమో, బంధువుల పెళ్ళికో వెళ్తారు. నేను వెళ్ళింది పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ చూడటానికి. అక్కడ నడుస్తున్న యంత్రం లోపల నేను డిజైను గీసిన కటకాలున్నాయి. వాటిని జీడిపప్పు కోసం గీయలేదు.

దూరదర్శినుల వెనక బిగించే పరికరాలకు కటకాలూ అద్దాలూ రూపొందించడం నా ఉద్యోగం. మామూలు కెమెరాతో గెలాక్సీని ఫొటో తీస్తే అది ఎలా ఉందో మాత్రమే తెలుస్తుంది. మా పరికరం ఆ ఫొటోలోని ప్రతి చుక్క వెలుగునీ విడదీసి, ఇంద్రధనుస్సులా పట్టీగా పరుస్తుంది. ఆ పట్టీలో గీతలు ఎక్కడ పడ్డాయో చూసి అక్కడ ఏ వాయువు ఉందో, అది మనవైపు వస్తోందో దూరంగా పోతోందో చెప్పవచ్చు. దీనికోసం గెలాక్సీ బొమ్మను సన్నని అద్దపు పలకలతో ముక్కలుగా కోసి, ఆ ముక్కల్ని ఒక వరసలో పేర్చి, వెలుగును విడదీసే గీతల పలక మీదికి పంపాలి. ఒక ముక్క వెలుగు పక్క ముక్క మీద పడకూడదు. పడకూడని చోట పడే వెలుగును మేము దెయ్యం అంటాం. ఆ దెయ్యాల్ని పట్టుకుని తరమడంలోనే నా జుట్టు తెల్లబడింది.

పరికరం పూర్తయింది. పరీక్షల్లో నెగ్గింది. దూరదర్శిని ఉన్న కొండ మీదికి పంపే ముందు పైవాళ్ళు విదేశం నుంచి ఇంకొకటి తెప్పించి దూరదర్శినికి బిగించారు. మాది చెక్కపెట్టెలో పెట్టి మేకులు కొట్టారు. పరికరంలోకి మొదటిసారి నక్షత్రపు వెలుగు వచ్చిన రాత్రిని మా వాళ్ళు తొలి వెలుగు అంటారు, ఆ రోజు మిఠాయిలు పంచుకుంటారు. మా పెట్టెకు ఆ రాత్రి రాలేదు.

నాతోపాటు ఆ పని చేసిన మురళీధర్ ఉద్యోగం మానేసి సొంత ఊరు విజయనగరం వెళ్ళిపోయాడు. కటకాలను పట్టి ఉంచే గొట్టాలూ చట్రాలూ అతనివి. వెళ్ళేటప్పుడు మా డిజైనులో వెనక సగాన్ని వాడుకునే హక్కు సంస్థ దగ్గర రాయించుకున్నాడు. దానితో జీడిపప్పు ఏరే యంత్రం చేశాడని నాకు ఆలస్యంగా తెలిసింది. ఈ వేసవి మొదట్లో ఫోన్ చేసి, పలాసలో మొదటి యంత్రం మొరాయిస్తోంది, ఒక్కసారి వచ్చి చూడమన్నాడు. కోపంతోనే సెలవు పెట్టాను. నేను గీసినదాంట్లోకి వెలుగు వెళ్తుంటే చూడాలన్న ఆశ కూడా ఉంది, అది దాచిపెట్టుకున్నాను.

విజయనగరం

మురళి స్టేషనుకు వచ్చాడు. గంటస్తంభం దగ్గర ఒక చిన్న హోటలుకి తీసుకెళ్ళి ఇడ్లీ పెట్టించాడు. సాంబారులో బెల్లం తగిలింది. మా నరసరావుపేటలో అలా చేస్తే గిన్నెతో సహా వెనక్కి పంపిస్తారు. ఇక్కడ పక్క బల్ల మీది పెద్దాయన గ్లాసులో పోయించుకుని తాగుతున్నాడు. ఇద్దరం కడుపునిండా తిన్నదానికి అయిన బిల్లుతో హైదరాబాదులో ఒక మంచి కాఫీ కూడా రాదు.

యంత్రం సంగతి మురళి తనే ఎత్తాడు. గెలాక్సీని కోసే అద్దాల పలకలు ఇక్కడ అక్కర్లేదట. జీడిపప్పు బెల్టు మీద తనే నడిచి వస్తుంది కాబట్టి ఒక సన్నని చీలిక చాలట. చీలిక గుండా వచ్చిన వెలుగును మా గీతల పలక విడదీస్తుంది, నా కటకాలు దాన్ని తెర మీద నిలుపుతాయి. పప్పు మీద తొక్క మిగిలినా, బూజు పట్టినా ఆ పట్టీలో తేడా కనిపిస్తుంది. కనిపించగానే చిన్న గాలి గొట్టం ఊది ఆ పప్పును పక్కకు తోసేస్తుంది.

నన్ను ఒక్కమాట అడగాల్సింది కదా అన్నాను. అతను గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగేశాడు.

"అడిగితే మీరు ఒద్దనేవారు," అన్నాడు. "పెట్టెలో పడుండడం కన్నా ఎవరికో పనికొస్తాదని చేసేను మేడమ్. నేనూ బతకాలి కదా."

ఎవరికో పనికి రావడం అన్నది మంచి మాటే. ఎవరికన్నది ఆ పూట నేను అడగలేదు.

భోగాపురం

మురళి కారులో బయలుదేరాం. అతను నన్ను శ్రీకాకుళంలో దింపి వెనక్కి వచ్చేస్తానన్నాడు. తను కూడా పలాస వస్తే ఫ్యాక్టరీ షావుకారుతో గొడవవుతుందట. యంత్రం అమ్మినవాడు మొహం చాటేస్తే, గీసినదాన్ని ముందుకు తోస్తున్నాడన్నమాట.

భోగాపురం దగ్గర టీకి ఆగాం. రోడ్డుకు అవతల కొత్త విమానాశ్రయం గోడ. చిన్నప్పుడు మేనత్తగారింటికి వచ్చి ఇక్కడ ఇసుకలో పడుకుని పాలపుంత చూసేవాణ్ణని మురళి చెప్పాడు. ఇప్పుడు చీకటి పడితే దీపాల వెలుగు ఆకాశం సగం దాకా లేస్తుందట. టీ కాచే ఆయన మా మాటలు వింటున్నాడు. ఆ గోడ లోపల తనకు జీడితోట ఉండేదని, డబ్బు ఇచ్చారని, దానితో ఇల్లు కట్టానని చెప్పాడు. ఇప్పుడు బాగుందా అని అడిగాను.

"ఇల్లు బాగున్నాదమ్మా. పొద్దున్న లెగిసి ఎటెల్లాలో తెలవడం లేదు," అన్నాడు.

టీలో అల్లం ఘాటుగా ఉంది. ఇంకోటి తాగాను.

శ్రీకూర్మం

శ్రీకాకుళం చేరాక మధ్యాహ్నమంతా ఖాళీ. మురళి వెళ్ళిపోయాడు. నేను ఆటో మాట్లాడుకుని శ్రీకూర్మం వెళ్ళాను. కూర్మనాథుడి గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళను పెంచుతారు. డిప్ప మీద పసుపు గీతలు ఒక్కో బొడిపె నుంచి నక్షత్రంలా విచ్చుకుని ఉంటాయి. భక్తులు ఆకుకూర కొని పెడుతున్నారు. మా వైపు గుళ్ళల్లో ఆవుకి అరటిపండు పెడతాం. ఇక్కడ తాబేలుకి తోటకూర. నేనూ ఒక కట్ట కొన్నాను. తాబేలు తీరిగ్గా నాలుగు ఆకులు తిని మొహం తిప్పుకుంది.

బయటికి వచ్చేసరికి నా చెప్పులు లేవు. ఎండకు నేల కాలిపోతోంది. ఆకుకూరలమ్మే ఆవిడ నా గంతులు చూసి, గోనెపట్టా పరిచి దాని మీద నిలబడమంది. తన మనవరాలి రబ్బరు చెప్పులు ఇచ్చింది. డబ్బు తీసుకోనంది. పోనీ ఇంకో రెండు కట్టలు కొంటానంటే, ఊరికే ఎందుకు పారేస్తావని అదీ ఒప్పుకోలేదు. మడమలు బయటికి వేలాడుతున్న ఆ చెప్పులతోనే శ్రీకాకుళం దాకా వచ్చి బజారులో కొత్తవి కొనుక్కున్నాను. ఈ ప్రయాణంలో నాకు దొరికిన కల్తీలేని మంచి అదొక్కటే.

ఆమదాలవలస

శ్రీకాకుళం నుంచి రైలెక్కాలంటే ఆమదాలవలస స్టేషనుకు వెళ్ళాలి. మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. ప్లాట్‌ఫారం నిండా ధాన్యం వ్యాపారం మీద వచ్చిపోయేవాళ్ళు. స్టేషను బయట ఒకావిడ చోడంబలి అమ్ముతోంది. మేము రాగులంటాం, వీళ్ళు చోళ్ళంటారు. పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ నంజుకుని తాగితే ఎండాకాలం మీద కోపం కొంచెం తగ్గుతుంది.

రైల్లో ఎదుటి సీట్లో భార్యాభర్తలు కూర్చున్నారు. వ్యవసాయం చేసుకునేవాళ్ళు, ఇచ్ఛాపురం వైపు పెళ్ళికి వెళ్తున్నారు. ఏం పని చేస్తావని అడిగారు. నక్షత్రాల వెలుగును విడదీసి చూసే పరికరాలు గీస్తానన్నాను. అయితే మా అమ్మాయి జాతకం చూడమని ఆవిడ చెయ్యి పట్టుకుంది. నాకు రాదన్నాను. ఆమె నమ్మలేదు. నక్షత్రాలు చదివి జాతకం చెప్పలేకపోతే ఆ చదువెందుకని భర్త నెమ్మదిగా అడిగాడు. మా సంస్థలో పైవాళ్ళు కూడా ఇంచుమించు ఇదే అడిగారు. ఆయనయితే కనీసం మొహం చూసి అడిగాడు.

పలాస

పలాసలో దిగగానే కాలిన జీడితొక్క వాసన కొడుతుంది. ఊరంతా ఆ వాసనే. మొదటి గంట గొంతు గరగరలాడింది, తర్వాత తెలియడం మానేసింది.

షావుకారు మర్యాదస్తుడు. యాభై దాటిన మనిషి, తాతల నాటి వ్యాపారం. ముందు భోజనం, తర్వాతే పని అన్నాడు. పచ్చి జీడిపప్పు కూర, మునక్కాడల పులుసు, పెరుగు. ఆ కూర రుచి గురించి రాయాలంటే ఇంకో పేజీ కావాలి. తింటున్నంతసేపూ ఆయన యంత్రం కథ చెప్పాడు.

ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు రెండు రకాల పనుల్లో ఉంటారు. కొందరు పిక్క కొడతారు, అంటే జీడిగింజను పగలగొట్టి పప్పు తీస్తారు. పిక్కలోంచి చిమ్మే నూనె పడితే చర్మం కాలి నల్లబడుతుంది. కొందరు పప్పు ఏరతారు. వాళ్ళవి శుభ్రమైన చేతులు, కూర్చునే పని. ఏళ్ళ తరబడి పిక్క కొట్టినవాళ్ళకు గానీ ఏరే గదిలో పీట దొరకదు. ఆ గదిలోకే యంత్రం వచ్చింది. పొద్దున్నపూట అది చక్కగా ఏరుతుంది. మధ్యాహ్నం నుంచి మంచి పప్పును కూడా చెత్తలోకి ఊదేస్తుంది. అప్పుడు ఆడవాళ్ళను పిలిచి ఆ చెత్తలోంచి మంచి పప్పు మళ్ళీ ఏరించుకోవాలి. అందువల్ల ఎవరి పనీ ఇంకా పూర్తిగా పోలేదు. సగం రోజు పని ఉంది.

"ఎవరో చెడగొడుతున్నారమ్మా," అన్నాడు షావుకారు. "కనిపెట్టేను కూడా. ఆవిణ్ణి మానిపించేసేను."

ఆవిడ పేరు తవిటమ్మ, ఏరే గదిలో మనిషి. భోజనాల వేళ యంత్రం అడుగున ఉన్న గాజుపలకను గుడ్డతో తుడవడం ఆమెకు అప్పగించిన పని. ఆమె తుడిచిన తర్వాతే యంత్రం పాడవుతోంది. చేతికి నూనె రాసుకుని కావాలనే తుడుస్తోందని యంత్రం నడిపే అతను చెప్పాడు. షావుకారు నమ్మాడు. అందరి ముందూ ఆ మాట అని ఇంటికి పంపించేశాడు. ఆమె వెళ్ళిపోయిన తర్వాత కూడా యంత్రం అలాగే ఉందిగా అన్నాను. ఇప్పుడు మిగిలినవాళ్ళు చేస్తున్నారేమో అన్నాడాయన.

తవిటమ్మ ఇల్లు ఫ్యాక్టరీ వెనక వీధిలోనే. సాయంత్రం ఒక్కదాన్నే వెళ్ళాను. నలభై అయిదేళ్ళుంటాయి. వేళ్ళ మీద పాత కాలిన మచ్చలు ఇంకా కనిపిస్తున్నాయి. నేను యంత్రం తాలూకు మనిషినని చెబితే తలుపు వేసేస్తుందనుకున్నాను. పీట వేసి కూర్చోబెట్టింది.

"తుడవమన్నారు, తుడిసినాను. అంతకన్నా నాకేటి తెలుస్తాది?" అంది. "పెళ్ళిలకీ పేరంటాలకీ ఎల్లడం మానీసినాను తల్లీ. తిండెట్టినోడి సొమ్ము పాడుసేసిందంతన్నారు. పని పోతే పోనాది. ఆ మాట నా మీంచి తియ్యి."

తీస్తానన్నాను. అలా మాట ఇవ్వడానికి నాకు ఏమీ తెలియదు అప్పటికి.

మధ్యాహ్నపు వేడి

మర్నాడు పొద్దున్న యంత్రం మూత తెరిచి కెమెరాను నా ల్యాప్‌టాప్‌కి తగిలించాను. కొత్త పరికరాన్ని పరీక్షించడానికి నేను ఎక్కడికి వెళ్ళినా ఒక పాత సీఎఫ్ఎల్ బల్బు తీసుకెళ్తాను. దాని వెలుగును విడదీస్తే వేర్వేరు రంగుల గీతలు విడివిడిగా వస్తాయి. గీత ఎంత సన్నగా వస్తే కటకాలు అంత బాగున్నట్టు. బల్బు పట్టుకున్నాను. తెర మీద గీతలు వెంట్రుకల్లా నిలిచాయి. సంస్థలో మా పరికరాన్ని పెట్టెలో పెట్టి మేకులు కొట్టిన రోజు నుంచీ నేను ఎదురుచూసింది దీనికోసమే. తెరకు మొహం ఆనేంత దగ్గరగా వంగాను. పక్కన నిలబడ్డ షావుకారు, బాగాలేదా అమ్మా అని కంగారుగా అడిగాడు.

ఆ రోజు గాజుపలకను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. భోజనాల గంట కొట్టినా అక్కణ్ణుంచి కదల్లేదు. రేకుల కప్పు, గోడ అవతల పప్పు ఆరబెట్టే పొయ్యి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి తెర మీద గీతలు లావెక్కడం మొదలుపెట్టాయి. ఇంకాసేపటికి కొబ్బరితాళ్ళలా ఒకదానిలోకి ఒకటి అల్లుకుపోయాయి. గాజు పొద్దున్న ఎలా ఉందో అలాగే ఉంది. కటకాల గొట్టం మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది.

గొట్టం విప్పాను. చివరి కటకానికి ముందు ఒక రింగు ఉండాలి. వేడికి గొట్టం సాగితే కటకం జరిగిపోతుంది. అంతే మేర దాన్ని వెనక్కి నెట్టడానికి వేరే పదార్థంతో ఆ రింగు పెట్టించాను. దాని మందం కోసం నెలలు కొట్టుకున్నాను. ఆ చోట ఏమీ లేదు. అల్యూమినియం గొట్టాన్నే పొడిగించి వదిలేశారు.

మురళికి ఫోన్ చేశాను.

"అది కొండ మీద చలికి కదా మేడమ్," అన్నాడు. "ఇక్కడ చలెక్కడిది? ఖర్చు తగ్గుతాదని తీసేసేను."

చలికైనా వేడికైనా అదే అని అతనికి తెలియక కాదు. ఇద్దరం కలిసి వేసిన లెక్క అది. తెలిసి మర్చిపోయాడో, అవసరం మరిపించిందో నేను అడగలేదు. లేతు మీద తిప్పించి రాత్రి బస్సుకే పంపుతానన్నాడు.

ఫోన్ పెట్టేశాక గది వైపు చూశాను. ఆడవాళ్ళు వచ్చి పీటల మీద కూర్చుని, యంత్రం ఊదేసిన కుప్పలోంచి మంచి పప్పు ఏరుతున్నారు. సన్నగా మాట్లాడుకుంటున్నారు. ఒకామె నవ్వింది. గీతలు లావెక్కడం వల్లనే వాళ్ళు ఇంకా ఇక్కడ ఉన్నారు. కరెంటు సరిగ్గా లేదనో, యంత్రం ఇంతే పని చేస్తుందనో షావుకారుకు చెప్పి, తవిటమ్మ తప్పు లేదని చెప్పి వెళ్ళిపోవచ్చు. ఆయన నమ్మేవాడే. ఈ ఆలోచన రాలేదని చెప్పను. చాలాసేపే ఉంది. కానీ మురళి రింగు పంపుతున్నాడు, ఎలాగూ బయటపడుతుంది అనుకున్నాను. అంతకంటే నిజం, తెర మీద ఆ మసకను నేను భరించలేకపోయాను. నా పరికరం అలా చూస్తూ ఉంటే వదిలి వెళ్ళడం నాకు చేతకాలేదు.

షావుకారును పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక షరతు పెట్టాను. తవిటమ్మ మీద మాట అందరి ముందూ అన్నారు కాబట్టి అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. తప్పు తనదైతే ఒప్పుకునే మనిషే.

రింగు

రింగు తెల్లవారేసరికి వచ్చింది. పొద్దుటికల్లా బిగించాను. మధ్యాహ్నం అయింది, రేకులు కాలాయి, గొట్టం కాలింది. గీతలు మాత్రం కదల్లేదు. బెల్టు మీద పప్పు వస్తూనే ఉంది. ఒక్కో పప్పుకూ ఒక్కో వర్ణపటం. గాలి గొట్టం ఎప్పుడో ఒకసారి చిన్నగా ఊదుతోంది. నేను గీసినది ప్రయోగశాల బయట గీసినట్టు పనిచేయడం నా జీవితంలో మొదటిసారి చూశాను. నక్షత్రం కాదు, గెలాక్సీ కాదు, అయినా కాసేపు ఒళ్ళు తెలియలేదు. షావుకారు జీడిపప్పు పాకం తెప్పించి అందరికీ పంచాడు. నా చేతిలో కూడా ఒక ముక్క పెట్టాడు.

తవిటమ్మను పిలిపించారు. ఉతికిన చీర కట్టుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. షావుకారు చేతులు జోడించాడు.

"యంత్రంలో లోపమమ్మా, నీ తప్పు లేదు. అనకూడని మాటన్నాను," అన్నాడు.

ఆమె తల ఊపింది. కళ్ళు తుడుచుకుంది. నేను ఇచ్చిన మాట నిలిచింది.

ఆ తర్వాత ఆయన అదే గొంతుతో, అదే మర్యాదతో, ఇంక ఏరే గదిలో అంతమంది అక్కర్లేదని చెప్పాడు. ఎవరినీ వీధిలో పడేయనని, పిక్క కొట్టే గదిలో చోటుందని, కావలసినవాళ్ళు రేపటి నుంచి అక్కడికి రావచ్చని అన్నాడు. పాకం ముక్కలు కొందరు కొంగున కట్టుకున్నారు, కొందరు పీట మీదే వదిలేశారు. బయటికి పోతూ ఒక్కొక్కరూ తవిటమ్మను దాటుకుంటూ వెళ్ళారు. అందరికన్నా వెనక వచ్చిన ముసలామె మాత్రం ఆగింది.

"నీ మీద మాట పోనాది గదే. మా పీటలు లేసిపోనాయి," అంది.

తవిటమ్మ నా వైపు చూసింది. నేను బల్బును సంచిలో పెట్టుకుంటూ తల దించుకున్నాను.

ఆ సాయంత్రం మురళి ఫోన్ చేశాడు. యంత్రం బాగుపడిందని షావుకారు నలుగురికీ చెప్పాడట, ఇంకో మూడు ఫ్యాక్టరీల వాళ్ళు అడుగుతున్నారట. భాగస్వామిగా చేరమన్నాడు. యంత్రానికి కూడా నా పేరే పెడదామన్నాడు. తర్వాత మాట్లాడతానని పెట్టేశాను. ఇప్పటిదాకా మాట్లాడలేదు.

మర్నాడు రైలుకు ముందు ఫ్యాక్టరీకి వెళ్ళాను. షావుకారుకు చెప్పి వద్దామనే వెళ్ళాను గానీ కాళ్ళు పిక్క కొట్టే గది వైపు నడిచాయి. ఏరే గదిలోని ఆడవాళ్ళు చాలామంది అక్కడున్నారు. చేతులకు ఆముదం పూసుకుని, పిక్కను కత్తి కింద పెట్టి, కాలితో మీట తొక్కి, పగలగొడుతున్నారు. ఈ పని అలవాటు తప్పి చేతులు తడబడుతున్నాయి. తవిటమ్మ గోడవారగా ఒక్కతే కూర్చుంది. ఆమె పక్కన రెండు చోట్లు ఖాళీగా ఉన్నాయి. నేను వెళ్ళి దగ్గర నిలబడ్డాను. ఆమె చూపుడువేలి మీద అప్పుడే కొత్తగా నల్లమచ్చ పడింది.

వెళ్ళొస్తానన్నాను.

ఆమె పని ఆపలేదు.

"మంచిదే సేసినావు తల్లీ," అంది. ఇంకో పిక్క తీసి పెట్టింది. "మరి రాకు."

రైలుకు ఇంకా చాలా టైముంది. అయినా స్టేషనుకే వెళ్ళి కూర్చున్నాను.